లాప్‌టాప్ కొనే ముందు స్క్రీన్ చూడు, బుజ్జీ

బుజ్జీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నీకు ఇక్కడ చెన్నైలో డిజైన్ కోర్సులో సీటొచ్చిందని, ఆదివారం వచ్చి లాప్‌టాప్ కొంటారని చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత రంగులతో బతకబోయేది నువ్వే. సంతోషంతో నిద్ర పట్టలేదు. చివర్లో వాడు "గేమింగ్ లాప్‌టాప్ అంటక్కా, కింద లైట్లు కూడా వెలుగుతాయంట" అన్నాడు. దాంతో ఉన్న కాస్త నిద్రా పోయింది.

ముందు ఆదివారం మానండి. కంప్యూటర్ షాపులన్నీ ఉండే రిచీ స్ట్రీట్‌లో ఆ రోజు చాలా షాపులు మూసే ఉంటాయి. శనివారం పొద్దున్నే వచ్చి మా ఇంట్లో టిఫిన్ తిని వెళ్లండి.

మెమరీ, అంటే ర్యామ్, 16 జీబీ, ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ 512 జీబీ ఉండాలి. ఫొటోషాప్‌కి 8 జీబీతో నడిచిపోతుందంటారు గానీ, పక్కన బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ కూడా తెరిచి, బ్రౌజర్‌లో సంతంతా పెట్టుకునే నీలాంటి దానికి చాలదు. జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. ప్రాసెసర్ గురించి షాపువాడు గంట చెబుతాడు, విను. వాడు చెప్పనిది స్క్రీన్ గురించి. నా భయమంతా దాని గురించే.

స్క్రీన్లన్నీ ఒకటే కదా అత్తా అంటావు. మీ మామయ్యా అదే అన్నారు. 2007లో ఇక్కడే ట్రిప్లికేన్‌లో, కార్డులూ కరపత్రాలూ కంప్యూటర్‌లో తయారుచేసే మా డీటీపీ సెంటర్‌లో బియ్యం బస్తా అంత సీఆర్‌టీ మానిటర్, పాతకాలం టీవీ లాంటిది, ఉండేది. రంగులు నిజాయితీగా చూపించేది గానీ బల్లంతా దానిదే. నేను నెల్లూరులో మీ దగ్గరకు వచ్చిన వారంలో ఈయన దాన్ని అమ్మేసి, పల్చటి ఎల్‌సీడీ ఒకటి, అందులోనూ అన్నిటికన్నా చవకది, తెచ్చిపెట్టారు. దాని తెలుపు నీలంగా ఉండేది. తల కాస్త వంచితే రంగు మారిపోయేది. ఆయనకు అదేం పట్టలేదు, బల్ల మీద చోటు మిగిలిందని మురిసిపోయారు.

అప్పుడే గూడూరు వాళ్ల పెళ్లి శుభలేఖ పని వచ్చింది. వెయ్యి కార్డులు. లేత మీగడ రంగు మీద కుంకుమ రంగు అక్షరాలు. స్క్రీన్ మీద మీగడ రంగు పాలిపోయి కనిపిస్తుంటే, ఈయన తన కంటికి బాగుందనిపించేదాకా పసుపు పెంచుతూ పోయారు. ఆ నీలం స్క్రీన్‌దే గానీ కాగితానికి లేదు కదా! ప్రూఫ్, అంటే ముందుగా చూసుకునే నమూనా కార్డు, కూడా తీయించలేదు. ప్రెస్ నుంచి వచ్చిన కట్టలు విప్పితే కార్డులన్నీ ముదురు పసుపు. పెళ్లికూతురి తండ్రి ఒక కార్డు తీసి వాసన చూశాడు, నమ్ముతావా, నిజంగా పసుపు పూశామేమోనని. ముహూర్తం దగ్గర పడింది. మా డబ్బుతో మళ్లీ వేయించి ఇచ్చాం. ఆ నెల సెంటర్ అద్దెకు నా గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఆ సంగతి మీ నాన్నకు ఇప్పటికీ తెలియదు, నువ్వూ చెప్పకు. ఆనాటి నుంచి మీ మామయ్య ప్రూఫ్‌ను వీధిలోకి తీసుకెళ్లి ఎండలో చూడనిదే అచ్చుకు ప్లేటు వేయనివ్వరు.

ఇప్పటి చవక లాప్‌టాప్‌లలోనూ ఇదే గోల. స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో వివరాల్లో రాస్తారు. అక్కడ 45% ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగులు తక్కువని అర్థం, వదిలెయ్. 100% ఎస్‌ఆర్‌జీబీ అని ఉండాలి. గేమింగ్ వాటిలో కొన్నిటికి డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకు పోసి స్క్రీన్ దగ్గర పిసినారితనం చేస్తారు. పైగా రెండు కిలోలు దాటిన బరువు, దానికి తోడు ఇటుకలాంటి చార్జర్. అది భుజాన వేసుకుని ఎంటీసీ బస్సులో రోజూ నిలబడతావా? తిండి సరిగా తినవు, ఏడాదికే నడుం పట్టేస్తుంది.

నీ మనసు మ్యాక్‌బుక్ ఎయిర్ మీద ఉందని మీ అమ్మ చెప్పింది. దాని స్క్రీన్ మంచిదే. మెమరీ మాత్రం కొన్న రోజు ఎంతుంటే అంతే, తర్వాత పెంచలేవు. మా వైపు తెలుగు పనులు ఇంకా అను అనే పాత తెలుగు ఫాంట్లతో, విండోస్ మీదే నడుస్తున్నాయి. సెలవుల్లో నా దగ్గర పని చేస్తానన్నావు కదా, అందుకని చెబుతున్నాను. ఇందులో నా స్వార్థమూ ఉందనుకో. కాలేజీ వాళ్లు ఏది తెచ్చుకోమంటారో ముందు కనుక్కో. వాళ్లు మ్యాక్ అంటే మ్యాకే.

మీ నాన్న నువ్వడిగితే కాదనడు. ఇంకో పదివేలు ఎక్కువే పెట్టి, ఏడాదంతా తెగిన చెప్పులతో తిరుగుతాడు. వాడి సంగతి నాకు తెలుసు. కాబట్టి నువ్వే లెక్క చూసుకుని అడుగు.

శనివారం నీకో శుభలేఖ, దాని పీడీఎఫ్ ఉన్న పెన్‌డ్రైవ్ ఇస్తాను. షాపులో స్క్రీన్‌ను పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపించి, ఫైల్ తెరిచి, కార్డు పక్కనే పట్టుకుని చూడు. అచ్చం ఒకేలా రావు, అక్కడ కనిపించేది వెలుతురు, ఇక్కడ సిరా. కానీ మీగడ రంగు నీలానికి తిరిగినా, పక్కకు జరిగితే మారిపోయినా ఇంకోటి చూపించమను. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీ.

మామయ్యను వెంట తీసుకెళ్లండి, బేరం బాగా చేస్తారు. మానిటర్ కథ మాత్రం ఆయన ముందు ఎత్తకు, పాపం.

మీ అత్త