ఇంకో గంట ప్రాక్టీస్ కాదు, ఉన్న గంటలు ఒంటికి పట్టాలి

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు, బరువు 48 కిలోలు. బ్యాడ్మింటన్ ఆడుతుంది. పొద్దున ఐదున్నర నుంచి రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, వారానికి ఆరు రోజులు ప్రాక్టీస్. పొద్దున ఏమీ తినకుండా వెళ్తుంది. రాత్రి పడుకునేసరికి పదిన్నర దాటుతుంది. రోజూ 300 సర్వీసులు చేస్తుంది. అక్కడ చక్కగా పడే సర్వీస్ మ్యాచ్‌లో తప్పుతోంది, మూడో గేమ్‌కి కాళ్లు కదలడం లేదు. ఏడాదిగా ఇదే పరిస్థితి. ప్రోటీన్ పౌడర్ మొదలుపెట్టాలా? ఇంకో గంట పెంచాలా? అసలు ఈ రంగంలో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: పౌడర్ వద్దు, ఇంకో గంట అసలే వద్దు. మీరు రాసిన లెక్కలోనే జవాబు ఉంది. ఆరు రోజులకు 24 గంటల ప్రాక్టీస్. ఎదిగే పిల్లల విషయంలో క్రీడా వైద్యులు పాటించే ఒక మోటు కొలత ఉంది: వారానికి ఆడే గంటలు వయసు సంఖ్యను దాటితే ఒకే చోట పదేపదే ఒత్తిడి పడి వచ్చే గాయాలు పెరుగుతాయి. మీ అమ్మాయికి ఆ హద్దు 15. నిద్ర చూస్తే ఆరున్నర గంటలు కూడా లేదు, ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. ప్రాక్టీస్ శరీరానికి పెట్టే పరీక్ష మాత్రమే. కండ బలపడేదీ, నేర్చుకున్న కదలిక మెదడులో కుదురుకునేదీ చాలావరకు తర్వాతి విశ్రాంతిలో, నిద్రలో. అది కోసి ప్రాక్టీస్ పెంచితే అలసటే పెరుగుతుంది. వారంలో కనీసం రెండు ఉదయాలు మానిపించండి, ఇప్పుడున్న ఒక రోజు సెలవును పూర్తి విశ్రాంతిగానే ఉంచండి. కోచ్ ఒప్పుకోకపోతే ప్రతి పూటా ఎంత కష్టమనిపించిందో ఆమెనే 10కి మార్కులు వేయమని, దాన్ని నిమిషాలతో గుణించి రాసుకోమనండి. 120 నిమిషాలు, కష్టం 7 అయితే 840. నాలుగు వారాల అంకెలు ముందుంటే మాట్లాడటం తేలిక.

ఇక తిండి. మూడో గేమ్‌లో కాళ్లు ఆగడానికి నేను ముందు అనుమానించేది ప్రోటీన్‌ని కాదు, కార్బోహైడ్రేట్‌ని. ర్యాలీల్లో పదేపదే దూకడానికి, వంగడానికి వాడే ఇంధనం కండల్లో దాచుకున్న గ్లైకోజెన్. రోజుకు ఒకటి నుంచి మూడు గంటలు గట్టిగా ఆడేవారికి కిలో బరువుకు 6 నుంచి 10 గ్రాముల కార్బోహైడ్రేట్ సూచిస్తారు. కింది హద్దు తీసుకున్నా మీ అమ్మాయికి దాదాపు 290 గ్రాములు. ఖాళీ కడుపుతో రెండు గంటలు ఆడి, హడావుడిగా బడికి పరుగెత్తే పిల్లకు అది అందడం కష్టం. పొద్దున బయల్దేరే ముందు ఒక అరటిపండు, ఒక బ్రెడ్ ముక్క చాలు, 35 నుంచి 40 గ్రాములు వస్తాయి. ఆడి వచ్చాక గంటలోపు పూర్తి ఫలహారం. సాయంత్రం ప్రాక్టీస్‌కు రెండు గంటల ముందు ఇంకో 50 గ్రాములు. మ్యాచ్ గంట దాటితే గంటకు కనీసం 30 గ్రాములు, గేముల మధ్య కొద్దికొద్దిగా. ఏ తిండి అయినా ముందు ప్రాక్టీస్‌లో అలవాటు చేయాలి. పోటీ రోజున కొత్తది పెడితే కడుపు తిరగబడుతుంది.

ప్రోటీన్ కిలోకు 1.2 నుంచి 2 గ్రాములు, అంటే రోజుకు 58 నుంచి 96. 70 గ్రాములు లక్ష్యంగా పెట్టుకుని, ఒకే పూట కుక్కకుండా నాలుగుసార్లుగా పంచండి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 250 మిల్లీలీటర్ల పాలలో 8. పప్పు, పెరుగు, చేప లేదా మాంసం కలిస్తే డబ్బా అవసరం రాదు. పైగా పౌడర్లలో లేబుల్ మీద లేని నిషేధిత పదార్థాలు కలిసిన సందర్భాలున్నాయి. డోపింగ్ నియమాల్లో ఒంట్లో దొరికినదానికి బాధ్యత క్రీడాకారిణిదే, తెలియదంటే కుదరదు.

నీళ్లకు లెక్క సులువు. ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత చెమట బట్టలు లేకుండా బరువు చూడండి. కిలో దాకా తగ్గితే, అంటే ఆమె బరువులో 2 శాతం, వేగం, ఏకాగ్రత రెండూ దెబ్బతినే అవకాశం ఉంది. తగ్గిన ప్రతి కిలోకు తర్వాతి గంటల్లో లీటరుంపావు నుంచి లీటరున్నర తాగాలి.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయకండి. ఇంకా నెలసరి మొదలు కాకపోయినా, మొదలై మూడు నెలలుగా రాకపోయినా, పాదం లేదా పిక్క ఎముక మీద ఒకే చోట నొప్పి తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి. ఖర్చు చేసే శక్తికి తగ్గ తిండి లేదనడానికి ఇవి గుర్తులు కావచ్చు. హిమోగ్లోబిన్‌తో పాటు ఇనుము నిల్వలు చెప్పే ఫెర్రిటిన్ కూడా చూడమనండి, మొదటిది మామూలుగా ఉండి నిల్వలు అడుగంటడం ఈ వయసు అమ్మాయిల్లో కనిపిస్తుంది. పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మాత్రం వేయకండి.

ఆ 300 సర్వీసుల దగ్గరికి వద్దాం. ఒకే చోటి నుంచి ఒకే సర్వీస్ వరసగా చేస్తే చెయ్యి దానంతటదే ఆడుతుంది, మెదడుకు పని ఉండదు. 1986లో గూడ్, మెగిల్ అనే పరిశోధకులు సరిగ్గా బ్యాడ్మింటన్ సర్వీసులతోనే దీన్ని పరీక్షించారు. మూడు రకాలను కలగాపులగంగా సాధన చేసినవారు, ఒక్కో రకాన్ని వరసగా చేసినవారికంటే తర్వాతి పరీక్షలో మెరుగ్గా చేశారు. ప్రతిసారీ కొత్తగా ఆలోచించి కదలికను సిద్ధం చేసుకోవాల్సి రావడమే అందులోని కిటుకు అని ఒక వివరణ. మ్యాచ్ అడిగేదీ అదే కదా.

కాబట్టి 300 బదులు 90 చేయించండి. షార్ట్, ఫ్లిక్ (షార్ట్‌లా మొదలుపెట్టి ఆఖర్లో మణికట్టుతో వెనక్కి లేపేది), హై సర్వీసుల్లో ఏది కావాలో అవతలివాళ్లు అప్పటికప్పుడు చెప్పాలి. సర్వీస్ తర్వాత కనీసం రెండు మూడు షాట్లు ఆడాలి. మొదటి వారాల్లో తప్పులు పెరుగుతాయి. అక్కడే చాలామంది భయపడి పాత పద్ధతికి వెళ్లిపోతారు. నేర్చుకున్నదీ లేనిదీ తెలియాలంటే మర్నాడు రాగానే, చెయ్యి కుదరకముందే, మొదటి 20 సర్వీసుల్లో గురి మీద పడ్డవెన్నో లెక్కించండి. బొత్తిగా కొత్త షాట్ అయితే మాత్రం ఆకారం వచ్చేదాకా వరసగా చేయడమే మంచిది.

కోచ్ ప్రతి షాట్‌కూ దిద్దితే పిల్ల ఆ గొంతు మీదే ఆధారపడుతుంది. మ్యాచ్‌లో ఆ గొంతు అన్నివేళలా ఉండదు. ఐదారు షాట్లకోసారి, అదీ ముందు ఆమెనే అడిగి చెప్పడం మేలు. "మణికట్టు ఇలా తిప్పు" కంటే "షటిల్ నెట్ అంచుకు అరచెయ్యంత పైనుంచి పోవాలి" అన్న మాట బాగా పనిచేస్తుంది. కొత్త నైపుణ్యం పూట మొదట్లో, ఫిట్‌నెస్ చివర్లో.

బలం కోసం వారానికి రెండుసార్లు అరగంట చాలు: స్క్వాట్లు, లంజ్‌లు (ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచడం), పిక్కల వ్యాయామం, దూకి మెత్తగా దిగడం. పక్కన తెలిసినవారు ఉండాలి, ఇంకో రెండు చేయగలననిపించినప్పుడే ఆపాలి. బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుందనేది అపోహ.

ముందు నిద్ర, తిండి సరిచేసి మూడు వారాలు చూడండి, ఆ తర్వాతే ప్రాక్టీస్ పద్ధతి ముట్టుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

భవిష్యత్తు మాటకొస్తే, 15 ఏళ్లకు ఆటా చదువా అని తేల్చుకోనక్కర్లేదు. ఆట మీదే బతికేంత స్థాయికి చేరేవారు ఎక్కడైనా కొద్దిమందే, అది దాచడం పిల్లకు మేలు కాదు. ఆట చుట్టూ మాత్రం ఫిజియోథెరపిస్టు, క్రీడా పోషకాహార నిపుణులు, స్ట్రెంగ్త్ కోచ్, మ్యాచ్ వీడియోలు విశ్లేషించే అనలిస్టు వంటి పనులున్నాయి. మొదటి రెండింటికి జీవశాస్త్రం వదలకూడదు, చివరిదానికి గణితం, గణాంకశాస్త్రం కావాలి. రెండు దారులూ తెరిచి ఉండేలా సబ్జెక్టులు ఎంచుకోండి. ఆసక్తి ఉందో లేదో తెలుసుకోవడానికి ఫోన్‌లో తీసిన తన మ్యాచ్ ఒకటి ఇచ్చి, పోగొట్టుకున్న ప్రతి పాయింటూ ఏ షాట్‌తో, కోర్టులో ఏ మూల పోయిందో పట్టిక వేయమనండి. ఎవరూ చెప్పకుండా రెండో మ్యాచ్‌కీ తనే వేసుకుంటే, అనలిస్టు కోర్సుల గురించి అప్పుడు వెతకండి.