పేరు తెలియని కొండపొద: తవ్వే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మాది ఉమ్మడి విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలం. కాఫీ తోట ఎగువన రాళ్ల మధ్య నడుమెత్తు పొదలు ఈ చలికాలం ఒక్కసారిగా ఊదారంగు పూలు పూశాయి. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి. ఇన్నేళ్లలో ఈ పూలు చూసిన గుర్తు లేదు. ఎక్కడా లేని కొత్త మొక్క అని కొందరు అంటున్నారు. విశాఖ నుంచి వచ్చిన ఒక నర్సరీ వ్యాపారి వేళ్లతో సహా తవ్వి ఇస్తే డబ్బిస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా? కొమ్మ నాటితే బతుకుతుందా? – ఒక కాఫీ రైతు

జవాబు: ఇవ్వకండి. పేరు తేలేదాకా ఒక్క పొదను కూడా వేళ్లతో పెకలించొద్దు.

మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది కనకాంబరం, అడ్డసరం ఉన్న అకాంథేసీ కుటుంబపు మొక్క కావచ్చు. అందులో స్ట్రోబిలాంథస్ అనే ప్రజాతి కొండలపై పెరుగుతుంది. దీనిలో చాలా జాతులు ఏళ్ల తరబడి ఆకులతోనే ఉండి, ఒక ఏడాది గుంపుగా పూసి, విత్తనం రాలాక ఎండిపోతాయి. నీలగిరి, మున్నార్ కొండల నీలకురింజి 12 ఏళ్లకోసారి పూస్తుంది. అది 2018లో విరివిగా పూసింది, మళ్లీ 2030లో పూయాలి. మీరు ఇన్నేళ్లు ఈ పూలు చూడకపోవడానికి కారణం ఇదే కావచ్చు. మొక్క పాతదే, పూత కొత్తది. అలాంటి జాతే అయితే పూసిన పొదను తవ్వి ఏ కుండీలో పెట్టినా ఎలాగూ చస్తుంది. కొండమీద రాలాల్సిన విత్తనం కూడా పోతుంది. కొమ్మ నాటడమూ అంతే, పూత పట్టిన కొమ్మకు వేరు సరిగా దిగదు.

ముందు తెలిసిన మొక్కలను పక్కన పెట్టండి. పువ్వు కింద రెండు పెద్ద రక్షక పత్రాల అంచున ముళ్లలాంటి పళ్లుంటే అది మన ఆడవాళ్లు తలలో పెట్టుకునే డిసెంబరం. పువ్వు గొట్టం సన్నగా పొడుగ్గా ఉండి రెండే కేసరాలుంటే నీలాంబరం వైపు చూడాలి. ఆకులో మూడు నుంచి ఐదు ఈనెలు మొదలు నుంచి కొసదాకా సమాంతరంగా సాగితే కుటుంబమే వేరు, అది మెలస్టోమా వర్గం. ఆకు తోలులా మందంగా ఉండి, నీలిపూల గుత్తులు కొమ్మనే అంటుకుని ఉంటే అల్లి.

వీటిలో ఏదీ కాకపోతే నమూనా తీయండి. ఫొటో ఒక్కటే చాలదు. పొద మొత్తం, ఆకు పైవైపు, అడుగువైపు, పువ్వు ఎదురుగా, పక్కగా, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి, ఫోన్‌లో లొకేషన్, ఎత్తు రాసుకోండి. పూలూ మొగ్గలూ, దొరికితే కాయలూ ఉన్న కొమ్మలు సుమారు 30 సెంటీమీటర్ల పొడవున మూడు కోయండి. హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోటు) షీటు 42 x 28 సెంటీమీటర్లు, అంతకు మించితే కొమ్మను మడవాలి. ఒక ఆకును తిరగేసి, అడుగువైపు కనిపించేలా పరచండి. వార్తాపత్రికల మధ్య పెట్టి పైన బరువు వేయండి. మన్యంలో పొగమంచు వల్ల బూజు త్వరగా పడుతుంది, కాబట్టి మొదటి ఐదు రోజులు రోజూ కాగితం మార్చాల్సిందే. ప్లాస్టిక్ సంచిలో కట్టేసి రెండు రోజులు ఉంచితే ఆకులు నల్లబడి రాలిపోతాయి. ఎండితే ఊదారంగు మాసిపోతుంది, రంగు అక్కడికక్కడే రాయండి. నాలుగు పూలను 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, చీటీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. డీఎన్‌ఏ పరీక్షకు రెండు లేత ఆకులను వాటి బరువుకు పది రెట్లు సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు)లో వేయండి.

ఈ పొదలు రిజర్వు అడవిలో ఉంటే కొమ్మ కోయడానికీ అటవీ శాఖ అనుమతి కావాలి. మీ పట్టా భూమిలోనే ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

కాయ విషయం ఒకటి గుర్తుంచుకోండి. చిటపటకాయల మొక్కలాగే ఈ కుటుంబంలో ఎండిన కాయ పగిలి గింజలు చిమ్ముతుంది. ఐదారు కంకులకే పలుచని మల్లు గుడ్డ సంచి కట్టి గింజ తీసుకోండి, మిగతాది కొండకే రాలనివ్వండి. ఎన్ని పొదలున్నాయో, ఎన్ని పూశాయో, కింద పిలకలు ఉన్నాయో లెక్క రాయండి. ఈ లెక్కకు చాలా విలువ ఉంది. ఒక జాతి మొత్తం మీద ముదిరిన మొక్కలు 50 లోపే ఉంటే ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) కొలమానంలో అది అత్యంత ప్రమాదంలో ఉన్నట్టే. పొదల చుట్టూ రెండు మీటర్లు వదిలి కలుపు కోయండి, గ్లైఫోసేట్ కలుపుమందు కొట్టొద్దు. విత్తనం రాలేదాకా పశువుల్ని అటు తోలొద్దు.

నమూనాను విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికి గానీ, హైదరాబాద్‌లోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ కేంద్రానికి గానీ ఇవ్వండి. వాళ్లు దగ్గరి జాతులతో పువ్వు విప్పి పోలుస్తారు. నిజంగా కొత్తదే అయితే ఆధార నమూనాను ఒక హెర్బేరియంలో భద్రపరచి, లాటిన్‌లో గానీ, 2012 నుంచి ఇంగ్లిషులో గానీ వివరణ ప్రచురించాలి. అప్పుడే పేరు చెల్లుతుంది. జీవవైవిధ్య చట్టం 2002, సెక్షన్ 39 ప్రకారం కొత్త జాతి సంగతి నిర్దేశిత సంస్థకు తెలిపి నమూనా అప్పగించడం తప్పనిసరి. ఈలోగా మీ పంచాయతీ జీవవైవిధ్య కమిటీ రిజిస్టరులో ఈ పొద గురించి రాయించండి. కచ్చితమైన చోటు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, నర్సరీ వ్యాపారులు ముందుగా వాలేది అక్కడికే.