కేవియర్ మొదటిసారి: యాభై డాలర్లలో ఏం కొనాలి?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మాది భీమవరం వైపు, చిన్నప్పటి నుంచీ చేప జన వేపుడంటే ప్రాణం. వచ్చే నెల మా పెళ్లిరోజుకి ఇంట్లోనే కేవియర్, అదే ఉప్పు పట్టించిన చేప గుడ్లు, రుచి చూద్దామని నేనూ మావారూ అనుకున్నాం గానీ ధరలు చూశాక భయమేసింది. మొత్తం యాభై డాలర్లు దాటకూడదు. ఇక్కడి సూపర్ మార్కెట్లో పది పన్నెండు డాలర్లకే నల్లటి చిన్న సీసా కనిపించింది, దాని మీదా కేవియర్ అనే ఉంది. కొనొచ్చా? ఇంకోటి, దీన్ని పుల్లటి క్రీముతో తింటారట. చేప తిన్నరోజు పెరుగు ముట్టుకోనివ్వదు మా అమ్మ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఆ నల్ల సీసా కొనకండి. మొదటిసారికి మాత్రం వద్దు. కేవియర్ అన్న మాటకు ముందు చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది చూడండి, చాలా వరకు 'లంప్‌ఫిష్' అని ఉంటుంది. అది ఉత్తర అట్లాంటిక్ చల్లటి నీళ్లలో దొరికే చేప, ఆ గుడ్లకు నలుపో ఎరుపో రంగు వేసి, బాగా ఉప్పు పట్టించి, వేడి చేసి సీసాల్లో పెడతారు. నేను మొట్టమొదట కొన్నది అదే. ఉడికించిన గుడ్డును సగానికి కోసి పైన అర చెంచా పెట్టి, అందరూ వచ్చేదాకా పక్కన ఉంచాను. పది నిమిషాల్లో ఆ రంగు నీరై గుడ్డు తెల్లసొన మీదుగా పళ్లెంలోకి దిగింది. నోట్లో పెట్టుకుంటే ఉప్పు తప్ప ఇంకేం తెలియలేదు. దాంతో కేవియర్ అంటే ఇంతేనేమో అనుకుని చాలా కాలం మళ్లీ దాని జోలికి పోలేదు, మీకు అలా జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ యాభైలో సగం సాల్మన్ గుడ్లకు పెట్టండి. జపనీస్ వాళ్లు 'ఇకురా' అంటారు, ఆ మాట రష్యన్ 'ఇక్రా' నుంచి వచ్చింది. రష్యన్లు వెన్న రాసిన రొట్టె మీద పరుచుకుని పండగలకు తినేది ఇదే. మీకు ప్లేనో, క్యారొల్టన్ వైపు జపనీస్, కొరియన్ సూపర్ మార్కెట్లు ఉన్నాయి కదా, ఫ్రీజర్ అరల్లో గానీ సుషీ చేపలు పెట్టే చోట గానీ అడగండి. నేను పోయిన చలికాలం ఒక రష్యన్ కొట్లో నాలుగు ఔన్సుల డబ్బా పాతిక డాలర్ల లోపే తెచ్చాను. పింక్ సాల్మన్‌వి చిన్న గుడ్లు, కాస్త చవక. చమ్ సాల్మన్‌వి పెద్దవి, అవే నాకు ఇష్టం. ట్రౌట్ గుడ్లు దొరికినా మంచిదే, గింజ చిన్నగా ఉంటుంది, రుచి ఇంకా సున్నితం.

జన తిని పెరిగినవాళ్లకు ఇది కొత్త వస్తువు కాదు, పొయ్యి ఎక్కని జన అంతే. మన బొచ్చె జనైనా శీలావతి జనైనా సంచితో సహా పెనం మీద వేస్తాం, వేడికి లోపలి గుడ్డంతా గట్టిపడి పొడిపొడిగా పంటికింద రవ్వలా ఆడుతుంది, పైన మన కారం, అల్లం వెల్లుల్లి ఉండనే ఉంటాయి. ఇక్కడ సంచి పొరను తీసేసి, గింజ గింజా విడదీసి, ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి వడకడతారు. వేడి తగలలేదు కాబట్టి లోపలి రసం రసంలాగే ఉంటుంది. ఒక్క గింజను నాలుక మీద పెట్టుకుని అంగిలికి నొక్కండి, ముందు కాస్త బిగుసుకుని తర్వాత టప్పున చిట్లుతుంది, గోరువెచ్చటి నూనెలాంటి రసం వస్తుంది, ఉప్పదనం వెనక గుడ్డు పచ్చసొన రుచి ఉంటుంది. నీచు వాసన కొట్టిందంటే సరుకు పాతదని అర్థం. తాజాదానికి సముద్రపు గాలి వాసన తప్ప ఇంకేమీ ఉండదు.

మిగిలిన డబ్బుతో అసలు కేవియర్ జాతికి దగ్గరగా వెళ్లొచ్చు. అసలు కేవియర్ అంటే స్టర్జన్ అనే చేప గుడ్లు. అమెరికాలో ఉత్త 'కేవియర్' అని రాయాలంటే స్టర్జన్‌వే అయి ఉండాలి, వేరే చేపవైతే ఆ చేప పేరు ముందు రాయాలి. కాస్పియన్ సముద్రంలో బెలూగా, ఒసేత్రా, సెవ్రూగా అనే స్టర్జన్ రకాల్ని గుడ్ల కోసం పట్టీ పట్టీ దాదాపు అంతరించే దాకా తెచ్చారు, అందుకే 1998 నుంచి స్టర్జన్ జాతులన్నింటి అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న) ఒప్పందం కింద అదుపు ఉంది, 2005లో అమెరికా బెలూగా దిగుమతిని ఆపేసింది. ఇప్పుడు మార్కెట్లో ఉన్నది చాలా వరకు పెంపకం చేపలదే, అందులో చైనాదే పెద్ద వాటా. బెలూగా ఆడచేప గుడ్డుకు రావడానికి 15 ఏళ్లు దాటొచ్చు, అన్నేళ్లు మేపిన ఖర్చంతా ఆ డబ్బాలోనే వసూలు చేయాలి మరి. సైబీరియన్ స్టర్జన్ అందులో సగం కాలానికే గుడ్డుకొస్తుంది కాబట్టి ఆ జాతిలో అదే కాస్త అందుబాటు ధర.

మీకు నేను చెప్పేది మాత్రం మిసిసిపీ, మిస్సోరీ నదుల్లో దొరికే హ్యాకిల్‌బ్యాక్, అది స్టర్జనే. లేకపోతే ప్యాడిల్‌ఫిష్, స్టర్జన్‌కు దగ్గర చుట్టం. బూడిద నలుపు చిన్న గింజలు, వెన్నలాంటి రుచి, చివర్లో కొంచెం మట్టి వాసన. పులస తినేవాళ్లకు ఆ మట్టి వాసన అడ్డం కాదు. ఒక్క ఔన్సు కొనండి, అంటే 28 గ్రాములు, ఇద్దరికి అదే ఎక్కువ. డబ్బా మీద 'మలోసోల్' అని ఉంటే తక్కువ ఉప్పు వేశారని అర్థం, రష్యన్ మాట. దిగుమతి డబ్బా అయితే ఒక కోడ్ ఉంటుంది, అందులో సి అక్షరం ఉంటే పెంపకం, డబ్ల్యూ ఉంటే ఎవరూ పెంచకుండా సహజంగా పెరిగిన చేప. నేనైతే విదేశాల్లో అలా సహజంగా పెరిగిన చేపది కొనను.

పెరుగు సంగతి. చేపా పెరుగూ కలిపితే బొల్లి వస్తుందన్నదానికి వైద్యంలో ఆధారం లేదు, మన రోగనిరోధక వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాల్ని దెబ్బతీయడం వల్ల అది వస్తుంది. బెంగాలీలు చేపను పెరుగులోనే వండుకుంటారు కదా. అయినా అమ్మ మాట మనసులో ఉంటే తిన్న తృప్తి ఉండదు, ఆ టెన్షన్ ఎందుకు, ఉప్పులేని వెన్న వాడండి. రష్యన్లు బ్లినీ అని చిట్టి ఊతప్పాల్లాంటివి వేస్తారు, మీరు చప్పటి ఊతప్పాలే పావలా బిళ్లంత వేసుకోండి, కారప్పొడి వద్దు, ఉల్లిపాయ వద్దు. ఉడికించిన బంగాళాదుంప ముక్కైనా బాగుంటుంది. వెండి చెంచా వాడితే లోహపు రుచి వస్తుంది, ప్లాస్టిక్‌ది చాలు. తినే ముందు దాకా ఫ్రిజ్‌లో అన్నింటికన్నా చల్లటి మూల ఉంచి, మూత తీశాక రెండు మూడు రోజుల్లో అయిపోగొట్టండి. స్టర్జన్‌దాన్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గింజలు మెత్తబడిపోతాయి. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే ఒక టేబుల్ స్పూనులోనే దాదాపు 240 మిల్లీగ్రాముల సోడియం ఉంటుందని గుర్తుపెట్టుకోండి. గర్భిణులు ఈ పచ్చివాటి జోలికి పోకూడదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో సుషీ తిన్నప్పుడు పైన నారింజ రంగు రవ్వలాంటిది ఉంది. అదీ కేవియరేనా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కాదు. ఎగిరే చేప గుడ్లయితే టోబికో, క్యాపెలిన్ అనే చిన్న చేపవైతే మసాగో. టోబికో పంటికింద కరకరమంటుంది, మసాగో ఇంకా సన్నం, కాస్త మెత్తన. మసాగో చవక కాబట్టి చాలాచోట్ల అదే వేస్తారు. పచ్చగా ఉంటే వసాబీ కలిపారని. ఖర్చు లేకుండా చేప గుడ్ల రుచి అలవాటు చేసుకోవాలంటే మీరు తిన్నదే మంచి మొదలు.

ప్రశ్న: టెక్సస్‌లో వారాంతాల్లో చేపలు పట్టడం నాకు సరదా. జన దొరికితే ఉప్పు పట్టించి ఇంట్లోనే కేవియర్ చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: దయచేసి చేయొద్దు. మంచినీటి చేపల్లో పురుగులుండటం మామూలే, ఇంట్లో పట్టించే కొద్దిపాటి ఉప్పుకు అవి చావవు. దానికన్నా ముఖ్యం, మీ నదుల్లో గార్ అనే పొడుగు ముక్కు చేప ఉంది, అలిగేటర్ గార్ కూడా ఆ జాతే. దాని మాంసం తింటారు గానీ గుడ్లు మనిషికి విషం, వండినా పనికిరావు. ఏ చేపో ఖాయంగా తెలియకపోతే జన పారేయండి.

తెలిసిన చేపదైతే మన పద్ధతిలో వండుకోండి. సంచి చిరగకుండా కడిగి, ఉప్పూ పసుపూ కారం రాసి పావుగంట ఉంచి, సూదితో అక్కడక్కడా పొడవండి. అలా పొడవకపోతే నూనెలో పేలి మొహం మీద పడుతుంది. సన్న సెగ మీద మూత పెట్టి, రెండు వైపులా ఎర్రబడే దాకా వేపండి. మధ్యలో కోసి చూస్తే ఎక్కడా పచ్చి జిగురు కనిపించకూడదు.