మా ఆవిడ మాత్రలు వేసుకుని డ్రగ్ టెస్టులో ఫెయిలయ్యాను... ట్రక్ డ్రైవర్‌గా నా పని అయిపోయినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు. డాలస్‌లో ఉంటున్నాం. ఆరేళ్లుగా లాంగ్ హాల్ ట్రక్ నడుపుతున్నాను. మూడు నెలలుగా నడుం నొప్పి. కుడి పిర్ర నుంచి పాదం దాకా లాగుతోంది, పాదం పైభాగం తిమ్మిరెక్కుతోంది. మా ఆవిడకి జ్ఞానదంతం తీసినప్పుడు ఇచ్చిన హైడ్రోకోడోన్ నొప్పి మాత్రలు మిగిలితే రాత్రిపూట ఒకటి, నిద్ర కోసం టైలెనాల్ పీఎం రెండు వేసుకునేవాడిని. పగలు ఐబుప్రొఫెన్. బీపీకి మందు వాడుతున్నాను, గురక ఉంది. రాండమ్ టెస్టులో హైడ్రోకోడోన్ పాజిటివ్ వచ్చింది. మా ఆవిడ ప్రిస్క్రిప్షన్ చూపిస్తే, టెస్టు ఫలితాలు ఖరారు చేసే డాక్టర్ (ఎంఆర్‌ఓ) ఒప్పుకోలేదు. కంపెనీ ట్రక్ తీసేసుకుంది. వేరే కంపెనీలో చేరితే ఈ సంగతి తెలుస్తుందా? మళ్లీ టెస్ట్ పెడితే ముందు నీళ్లు బాగా తాగి వెళ్తే సరిపోతుందా? – ఒక పాఠకుడు

జవాబు: ఉద్యోగం సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ కుడి పాదం.

చెప్పులు విప్పి, గోడ పక్కన నిలబడి, మడమల మీద పదడుగులు వేయండి. తర్వాత మునివేళ్ల మీద పదడుగులు. మడమల మీద నడిచేటప్పుడు కుడి పాదం ముందుభాగం పైకి నిలవకుండా నేలకు జారిపోతుంటే, వెన్నులో నరం నొక్కుకుని కండరం బలం తగ్గిందని అనుమానించాలి. యాక్సిలరేటర్ మీది నుంచి పాదాన్ని ఎత్తి బ్రేక్ మీద పెట్టేది ఆ కండరాలే. తిమ్మిరెక్కిన పాదానికి పెడల్ ఎంత నొక్కిందో కూడా సరిగ్గా తెలియదు. హైడ్రోకోడోన్ నొప్పిని కప్పిపెడుతుందే తప్ప నరం మీది ఒత్తిడిని ఒక్క పిసరు కూడా తగ్గించదు. టెస్ట్ నెగెటివ్ వచ్చి ఉన్నా సరే, ఈ కాలితో మీరు స్టీరింగ్ పట్టడం నాకు ఇష్టం లేదు.

మూత్రం సరిగ్గా రాకపోయినా, తెలియకుండా పడిపోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోయినా, నొప్పి రెండు కాళ్లలోకీ దిగినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కడ గంటలు కూడా లెక్కే. అవేవీ లేకపోతే ఈ వారంలోనే డాక్టర్‌ని కలవండి. కండరం బలహీనత కనిపిస్తే ఎంఆర్‌ఐ ఆలస్యం చేయకూడదు. తిమ్మిరి ఉంది కాబట్టి షుగర్ పరీక్ష, హెచ్‌బీఏ1సీ కూడా చేయించమని అడగండి. మూడు నెలలు ఇలా నెట్టుకొచ్చారు. మొదటి నెలలోనే వచ్చి ఉంటే బహుశా ఫిజియోథెరపీతో పోయే నొప్పి ఇది, ఈ ఉత్తరమూ రాయాల్సి వచ్చేది కాదు.

ఇక మాత్రలు. మీ ఆవిడ సీసా మీద 5/325 అని ఉందేమో చూడండి. 5 మిల్లీగ్రాముల హైడ్రోకోడోన్, 325 మిల్లీగ్రాముల ఎసిటమినోఫెన్, అంటే పారాసిటమాల్, అని దాని అర్థం. ఎక్స్‌ట్రా స్ట్రెంగ్త్ టైలెనాల్ పీఎం ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల అదే ఎసిటమినోఫెన్, 25 మిల్లీగ్రాముల డైఫెన్‌హైడ్రమిన్ అనే మగత మందు ఉంటాయి. అంటే రాత్రికి రాత్రే 1,325 మిల్లీగ్రాములు వేసుకున్నారు. రోజు మొత్తానికి ఉన్న 4,000 పరిమితి లోపే కదా అనకండి, మధ్యలో జలుబు మాత్ర కూడా పడితే ఆ లెక్క ఎవరు చూస్తారు? నన్ను అంతకన్నా భయపెట్టింది మీరు రాసిన 'గురక' అనే మాట. గురక, బీపీ రెండూ ఉన్న మనిషికి స్లీప్ అప్నియా ఉందేమో చూడాల్సిందే. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే మనిషి హైడ్రోకోడోన్, డైఫెన్‌హైడ్రమిన్ కలిపి వేసుకుంటే శ్వాస మరింత మందగిస్తుంది. స్లీపర్ క్యాబ్‌లో ఒంటరిగా పడుకునే మనిషిని లేపేవాళ్లు ఎవరూ ఉండరు. తెల్లారి లేచినా ఆ మగత పూర్తిగా వదలదు. పగలు వేసుకున్న ఐబుప్రొఫెన్ బీపీని పెంచుతుంది, బీపీ మందులతో కలిస్తే కిడ్నీల మీదా భారం పడుతుంది. కాబట్టి స్లీప్ స్టడీ, బీపీ, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ మూడూ చూపించుకోండి.

ఇంట్లో ఒకరికి రాసిన మందు ఇంకొకరు వేసుకోవడం మనవాళ్లలో మరీ మామూలైపోయింది. 'అదే నొప్పి కదా, అదే మాత్ర' అంటారు. పన్ను నొప్పి, నరం నొప్పి ఒకటి కావు. మీ ఆవిడ శరీరం, ఆమె వాడే మందులు చూసి రాసిన మాత్ర అది. మీ గురక, మీ బీపీ, మీ ఉద్యోగం ఆ డెంటిస్టుకి తెలియవు. ఎంఆర్‌ఓ ఒప్పుకోకపోవడానికి కారణమూ ఇదే. మీ పేరు మీద రాసిన, మీ జబ్బుకే వాడిన మందైతేనే అది సరైన కారణం అవుతుంది. పాత తేదీ వేసి చీటీ రాసిమ్మని ఏ డాక్టర్‌నీ అడగకండి, అది ఇంకో నేరం. ఇండియా నుంచి తెచ్చుకునే కోడీన్ దగ్గు సిరప్‌దీ ఇదే కథ. అక్కడ చట్టప్రకారం మీకే రాసిచ్చారని నిరూపించాల్సిన బాధ్యత మీదే. నడుం నొప్పికి గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె మంచిదని ఎవరైనా చెబితే దాని జోలికి పోకండి. అందులో గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ లేబుల్ మీద చెప్పినదానికన్నా ఎక్కువ ఉండొచ్చు. పాజిటివ్ వచ్చాక 'సీబీడీ వాడాను' అంటే ఎంఆర్‌ఓ లెక్కలోకి తీసుకోరు. రాష్ట్రం ఇచ్చిన మెడికల్ మారిజువానా కార్డు కూడా మీకు పెట్టే డీఓటీ (అమెరికా రవాణా శాఖ) టెస్టులో పనికిరాదు.

కెరీర్ విషయం. అయిపోలేదు, కానీ దారి పొడుగు. మీ రిజల్టుని ఎంఆర్‌ఓ ఖరారు చేశాక రెండు పనిదినాల్లో ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వారి క్లియరింగ్‌హౌస్‌లో ఎక్కిస్తారు. 2020 జనవరి 6 నుంచి నడుస్తున్న జాతీయ రికార్డు అది. కొత్త కంపెనీ మిమ్మల్ని ట్రక్ ఎక్కించే ముందు అందులో చూసి తీరాలి, మీరు అనుమతి ఇవ్వకపోతే డ్రైవింగ్ ఇవ్వలేదు. కాబట్టి కంపెనీ మారితే దాగదు. 2024 నవంబర్ 18 నుంచి ఇంకో నిబంధన కూడా వచ్చింది. మీ స్టేటస్ 'ప్రొహిబిటెడ్' (నడపకూడదు) అని ఉంటే, సమాచారం అందిన 60 రోజుల్లోగా రాష్ట్రం మీ సీడీఎల్‌ని, అంటే ట్రక్ నడిపే కమర్షియల్ లైసెన్సుని, డౌన్‌గ్రేడ్ చేయాలి. మామూలు కారు నడుపుకునే లైసెన్సుకి దీనివల్ల ఇబ్బంది లేదు. డిస్పాచ్ లాంటి డ్రైవింగ్ లేని పని కంపెనీ ఇస్తే చేయొచ్చు.

తిరిగి రావాలంటే క్లియరింగ్‌హౌస్‌లో లాగిన్ అయి, ఎస్‌ఏపీ అనే సబ్‌స్టెన్స్ అబ్యూజ్ ప్రొఫెషనల్‌ని ఎంచుకోండి. వాళ్లు మిమ్మల్ని పరిశీలించి క్లాసులో, చికిత్సో చెబుతారు. అది పూర్తయ్యాక మళ్లీ చూస్తారు. వాళ్లు సరే అన్నాకే, మళ్లీ డ్రైవింగ్‌లోకి వచ్చే ముందు పెట్టే రిటర్న్ టు డ్యూటీ టెస్ట్. అది నెగెటివ్ వస్తే స్టేటస్ మారుతుంది, సీడీఎల్ తిరిగి తెచ్చుకోవచ్చు. ఒక ఎస్‌ఏపీ చెప్పింది నచ్చలేదని ఇంకొకరి దగ్గరికి వెళ్లడం కుదరదు. ఆ తర్వాత మొదటి 12 నెలల్లో చెప్పకుండా పెట్టే ఫాలోఅప్ టెస్టులు కనీసం ఆరు ఉంటాయి, ఎస్‌ఏపీ వాటిని 60 నెలల దాకా పొడిగించవచ్చు. కంపెనీ మారినా అవి మీ వెంటే వస్తాయి. రికార్డు ఐదేళ్లు, లేదా ఆ టెస్టులు పూర్తయ్యేదాకా, ఏది ఆలస్యమైతే అంతవరకు ఉంటుంది. పాత కంపెనీ మిమ్మల్ని తిరిగి తీసుకోవాలనిగానీ, ఖర్చులు పెట్టుకోవాలనిగానీ నిబంధనలు చెప్పవు. ఈ విషయంలో లాయరునో, యూనియన్ ఉంటే వాళ్లనో అడగండి. నాది వైద్యుడి మాట మాత్రమే, అదీ మిమ్మల్ని పరీక్షించకుండా రాస్తున్నది.

నీళ్ల సంగతి. వద్దు. రిటర్న్ టు డ్యూటీ, ఫాలోఅప్ టెస్టులన్నీ పక్కన మనిషి నిలబడి చూస్తుండగానే ఇవ్వాలి. మూత్రం మరీ పలచగా ఉంటే క్రియాటినిన్‌తో తెలిసిపోతుంది, మళ్లీ ఇవ్వాలి. అది అసలు మూత్రంలాగే లేదని ల్యాబ్ తేల్చి ఎంఆర్‌ఓ ఖరారు చేస్తే టెస్టుకి నిరాకరించినట్టు లెక్క. మందు మానేస్తే హైడ్రోకోడోన్ మామూలుగా రెండు నుంచి నాలుగు రోజుల్లో దానంతటదే పోతుంది, నీళ్లతో పని లేదు. ఇది చదివే మిగతా డ్రైవర్లకి ఒక మాట: మీరు ఆ మందే తీసుకోలేదని ఖచ్చితంగా తెలిస్తే, ఎంఆర్‌ఓ పాజిటివ్ అని చెప్పిన 72 గంటల్లోపు, మీరిచ్చిన మూత్రంలోంచి విడిగా తీసి ఉంచిన రెండో సీసా పరీక్షించమని అడగండి. ఎంఆర్‌ఓ చేసే ఫోను మాత్రం తప్పించుకోకండి.

ఎస్‌ఏపీ దగ్గర ఏదీ దాచకండి. ఎన్ని రోజులు, ఎన్ని మాత్రలు, నొప్పి లేని రాత్రి కూడా వేసుకున్నారా, అన్నీ చెప్పండి. మానేశాక ఆవులింతలు, ముక్కు కారడం, చెమటలు, కడుపు మెలిపెట్టడం వచ్చాయంటే శరీరం అలవాటు పడిందన్నమాట, దానికి మంచి చికిత్స ఉంది. ఉద్యోగం పోయిందన్న దిగులుతో బతుకు మీద విరక్తి వస్తే ఏ వేళైనా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.

నొప్పికి ఏం వాడాలో మీ డాక్టర్ చెబుతారు. ట్రక్ నడుపుతానని, టెస్టులు ఉంటాయని ముందే చెప్పండి. సైక్లోబెంజప్రిన్, గాబాపెంటిన్ లాంటివి డీఓటీ టెస్టులో పట్టుబడకపోయినా మగత తెస్తాయి. వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చునే అలవాటుంటే ఈరోజే మానేయండి.

సీసాలో మాత్రలు ఇంకా ఉంటే ఫార్మసీలో పాత మందులు వేసే డబ్బాలో వేసేయండి. దగ్గర్లో అలాంటిది లేకపోతే టాయిలెట్లో వేసి ఫ్లష్ చేయండి. హైడ్రోకోడోన్ అలా పారేయాల్సిన మందుల జాబితాలోనే ఉంది, అది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన జాబితా.