రూ.80 వేల ఫీజు కట్టేముందు మీ షాపు లెక్కలు అబ్బాయికి అప్పగించండి

ప్రశ్న: మాది సత్తెనపల్లి దగ్గర. ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్. హైదరాబాద్ వెళ్లి క్లౌడ్ కంప్యూటింగ్ కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు రూ.80 వేలు, హాస్టల్ ఖర్చు వేరే. ఉద్యోగం గ్యారంటీ అని ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతున్నారట. అసలు ఈ క్లౌడ్ వల్ల ఎవరికి ఏం లాభం? రేపు పని దొరుకుతుందా? షాపు లెక్కలు కూడా అందులోనే పెడదామంటున్నాడు. నాకేమో భయంగా ఉంది.

జవాబు: ఎవరికి ఏం లాభమో ముందు తేల్చుకుందాం. ఆ లాభం తెచ్చిపెట్టగలిగిన వాళ్లకే కంపెనీలు జీతం ఇస్తాయి కాబట్టి ఉద్యోగం సంగతి కూడా అక్కడే తేలిపోతుంది.

ఖరీఫ్‌లో యూరియా, డీఏపీ లోడ్లు ఎక్కువ దిగితే మీరు ఇంకో గోడౌన్ అద్దెకు తీసుకుంటారు. సీజన్ అయ్యాక ఖాళీ చేస్తారు. వేరే సంస్థ కంప్యూటర్లను కంపెనీలు ఇంటర్నెట్ ద్వారా ఇలా అద్దెకు వాడుకోవడమే క్లౌడ్. అమెజాన్ 2006లో ఈ సేవలు మొదలుపెట్టింది. తర్వాత మైక్రోసాఫ్ట్, గూగుల్ వచ్చాయి. అంతకుముందు ఏడాదిలో నాలుగు రోజులు వచ్చే రద్దీ కోసం కూడా సర్వర్లు, అంటే ఈ పనికి వాడే పెద్ద కంప్యూటర్లు, కొని పెట్టుకోవాల్సి వచ్చేది. మిగతా రోజులంతా అవి ఊరికే పడి ఉండేవి. 2023 నవంబరు 19న వరల్డ్ కప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒక దశలో 5.9 కోట్ల మంది ఒకేసారి చూశారు. మర్నాడు అంతమంది ఎక్కడుంటారు? ఆ ఒక్క పూటకు కావలసినన్ని సర్వర్లు తీసుకుని, మ్యాచ్ అయ్యాక వదిలేసే వీలుండబట్టే అలాంటి వ్యాపారం గిట్టుబాటవుతుంది. చేతిలో పెద్ద పెట్టుబడి లేని చిన్న కంపెనీకి ఈ వెసులుబాటు ఇంకా ఎక్కువ అవసరం.

అయితే క్లౌడ్ అంటే అన్నిటికీ చవక అనుకోకండి. టెస్టింగ్ కోసం ఆన్ చేసిన సర్వర్‌ను ఆపడం మరిచిపోతే, ఎవరూ వాడకపోయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఏడాది పొడవునా ఒకే స్థాయిలో పని ఉండే చోట సొంత సర్వరే మేలు కావచ్చు కూడా. ఏది ఎక్కడ ఉంచాలో, దేన్ని ఎప్పుడు ఆపాలో తెలిసిన మనిషికి కంపెనీల్లో విలువ ఎక్కువ. కోర్సుల్లో చాలా తక్కువగా చెప్పే సంగతి ఇదే.

మామూలు మనుషుల విషయానికొస్తే, మీ ఇంట్లో అందరూ దీన్ని ఇప్పటికే వాడుతున్నారు. ఫోన్ పోయి కొత్తది కొన్నాక కాంటాక్టులు, ఫొటోలు తిరిగొచ్చేది క్లౌడ్‌లో ఉన్నాయి కాబట్టే. గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితం. దానికి రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లోనూ ఒప్పుకోవాల్సిన తనిఖీ) ఇవాళే పెట్టించండి, పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనన్నా పడినా ఖాతా అంత తేలిగ్గా చేజారదు.

ఇక మీ షాపు. బాకీల లెక్కంతా ఒకే కంప్యూటర్‌లో ఉంటే, ఆ హార్డ్ డిస్క్ పోయిన రోజున ఏ రైతు ఎంత ఇవ్వాలో చెప్పడానికి మీ దగ్గర ఏముంటుంది? నా దృష్టిలో అసలు భయపడాల్సింది దీనికి. అలాగని అంతా క్లౌడ్‌కి వదిలేసి నిశ్చింతగా ఉండటమూ తప్పే. 2024 మే నెలలో యూనిసూపర్ అనే ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్ ఖాతా గూగుల్ క్లౌడ్‌లో ఒక సెట్టింగ్ పొరపాటు వల్ల డిలీట్ అయిపోయింది. అందులో 6 లక్షల మందికి పైగా సభ్యులున్నారు. వారానికి పైగా వాళ్లు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. వేరే సంస్థ దగ్గర ఇంకో కాపీ ఉంచుకోవడం వాళ్లను ఆదుకుంది.

అందుకే ఫీజు కట్టేముందు మీ అబ్బాయికి ఈ పని అప్పగించండి. రోజూ షాపు కట్టేసే ముందు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ మూసేసి, బ్యాకప్ తీసి, పాస్‌వర్డ్ పెట్టి క్లౌడ్‌కి ఎక్కించాలి. వారానికోసారి ఇంకో కాపీ పెన్ డ్రైవ్‌లో వేసి ఇంట్లో పెట్టాలి. నడుస్తున్న డేటా ఫోల్డర్‌నే సింక్‌లో (ఇక్కడ మారినది మారినట్టు క్లౌడ్‌లోనూ దానంతటదే మారే పద్ధతి) పెట్టి బ్యాకప్ అయిపోయిందంటే ఒప్పుకోకండి. షాపు కంప్యూటర్‌కి వైరస్ పట్టి ఫైళ్లు పాడైతే, ఆ పాడైన ఫైళ్లే పైకి కూడా వెళ్లిపోతాయి. పాత వెర్షన్లు కూడా నిలిచి ఉండేలా చూడాలి. నెల తిరిగాక ఆ బ్యాకప్‌ను మరో కంప్యూటర్‌లో తెరిచి, బాకీల లిస్టు మీ పుస్తకంతో సరిపోయిందో లేదో మీ ముందే చూపించమనండి. అక్కడ తేడా వచ్చి, ఎందుకొచ్చిందో తనే వెతికి పట్టుకున్నాడంటే ఈ పని మీద నిజంగా మనసుందన్నమాట.

ఈలోగా లినక్స్ (సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్), నెట్‌వర్కింగ్ బేసిక్స్, కొంచెం పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకోమనండి. ఇవి రాకుండా క్లౌడ్ కోర్సులో చేరితే స్క్రీన్ మీద బటన్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది తప్ప, ఏదైనా ఆగిపోతే ఎందుకు ఆగిందో తెలియదు. ఇంటర్వ్యూలో అడిగేది సరిగ్గా అదే. మైక్రోసాఫ్ట్ లెర్న్‌లోనూ, అమెజాన్ స్కిల్ బిల్డర్‌లోనూ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. కాలేజీ మెయిల్ ఐడీ ఉంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్ వాళ్ల ‘అజూర్ ఫర్ స్టూడెంట్స్’లో క్రెడిట్ కార్డు లేకుండానే ప్రాక్టీసుకు 100 డాలర్ల మేర ఉచిత వాడకం ఇస్తారు. మీ కార్డు పెట్టి ఎక్కడైనా ఖాతా తెరిస్తే మాత్రం మొట్టమొదట బడ్జెట్ అలర్ట్ (ఖర్చు అనుకున్నంత దాటితే హెచ్చరిక వచ్చే ఏర్పాటు) పెట్టాలి. ఆ ఖాతాకు పాస్‌వర్డ్ లాంటి యాక్సెస్ కీలను పొరపాటున కూడా గిట్‌హబ్‌లో (ప్రోగ్రామర్లు తమ కోడ్ ఉంచుకునే వెబ్‌సైట్) పెట్టకూడదు. వాటి కోసం వెతికే వాళ్లుంటారు, తెల్లారేసరికి బిల్లు మీ కార్డు మీద పడుతుంది.

ఉద్యోగాలున్నాయి. కానీ ఫ్రెషర్‌కి నేరుగా ఆర్కిటెక్ట్ (క్లౌడ్ వ్యవస్థ మొత్తాన్ని రూపొందించే) పోస్టు ఎవరూ ఇవ్వరు. సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్, జూనియర్ డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ల మీదికి ఎక్కించి నడిపించే పని) లాంటి చోట్ల మొదలవుతుంది, నైట్ షిఫ్టులు కూడా ఉంటాయి. దానికి సిద్ధమేనా అని అబ్బాయిని అడగండి. 2022 నవంబరులో హైదరాబాద్‌లో అమెజాన్ డేటా సెంటర్ల (సర్వర్లు ఉంచే భవనాల) సముదాయం మొదలైంది. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రాజెక్టు ప్రకటించింది. వీటిని చూపించి వేల ఉద్యోగాలంటూ అడ్మిషన్లు చేయించే వాళ్లు తగులుతారు. డేటా సెంటర్ లోపల ఎక్కువగా కావలసింది కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ పనివాళ్లు. మీ అబ్బాయి నేర్చుకునే పనికి ఆ బిల్డింగ్ ఏ ఊళ్లో ఉన్నా ఒకటే.

ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను కాగితం మీద రాసివ్వమని అడగండి. ఏ ఉద్యోగం, ఎంత జీతం, రాకపోతే ఫీజు వాపసా కాదా, అన్నీ అందులో ఉండాలి. దాటవేస్తే చేర్చకండి. అప్పు చేసి మాత్రం అసలే కట్టొద్దు. మూడు నాలుగు నెలలు ఇంటి దగ్గర నేర్చుకున్నాక అమెజాన్ క్లౌడ్ ప్రాక్టీషనర్ అనే ప్రాథమిక స్థాయి సర్టిఫికెట్ పరీక్ష రాయించవచ్చు. ఫీజు 100 డాలర్లు, పన్నులు అదనం. అది పాసయ్యాక కూడా ఎవరైనా పక్కన కూర్చుని నేర్పితే బాగుండుననిపిస్తే అప్పుడు హైదరాబాద్ పంపండి. ఫీజు ఒకేసారి కాకుండా వాయిదాల్లో కట్టండి. మొదటి వాయిదాకు ముందు రెండు మూడు డెమో క్లాసుల్లో కూర్చోనిస్తారేమో అడగండి.