పాపకు సాంబ్రాణి పొగ వేయవచ్చా?

చెన్నైలో ఉంటున్నాం, మూడు నెలల పాపకు తలంటాక సాంబ్రాణి వేయమంటున్నారు అత్తగారు, మంచిదేనా అని అడిగారు. పాపకు వద్దండి.

సాంబ్రాణి అంటే సుమత్రా, లావోస్ వైపు పెరిగే స్టైరాక్స్ చెట్ల బంక. మీ చెన్నైలోని ప్యారిస్ కార్నర్ ప్రాంతంలో నాటుమందుల కొట్లో అడిగి మంచి ముక్క విరిచి చూడండి, గోధుమరంగు మధ్య బాదంపప్పుల్లా తెల్లటి పలుకులు కనిపిస్తాయి. దీని టింక్చర్‌ను, అంటే స్పిరిట్‌లో కరిగించిన ద్రావణాన్ని, ప్లాస్టర్ బాగా అంటుకోవడానికి చర్మానికి రాస్తారు, కొందరికి దద్దుర్లు వస్తాయి.

వాసన ఎంత బాగున్నా పొగ పొగే. సన్నటి మసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఏసీ వేసి తలుపులు మూసిన చిన్న ఫ్లాట్‌లో మరీ ప్రమాదం. ఆస్తమా ఉన్నవాళ్లకూ పడదు. పాప జుట్టు మెత్తటి తువ్వాలుతో అద్దితే చాలు, ఆరిపోతుంది. పూజకు వేయాలంటే చిటికెడే వేసి, కిటికీలు తీసి, పొగ పోయేదాకా పాపను వేరే గదిలో ఉంచండి.