డాక్టర్ కాకుండా సంతానోత్పత్తి పరిశోధనలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. నీట్ రెండుసార్లు రాసినా ఎంబీబీఎస్ సీటు రాలేదు. సంతానలేమి, మూలకణాలపై పరిశోధన చేస్తానంటోంది. డాక్టర్ కానివారికి ఇది సాధ్యమేనా? స్థిరపడటానికి ఎన్నేళ్లు పడుతుంది?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: తప్పకుండా సాధ్యమేనండీ. ఈ రంగానికి పునాది వేసిన రాబర్ట్ ఎడ్వర్డ్స్ వైద్యుడు కారు. బ్రిటన్‌లో మొదట వ్యవసాయ శాస్త్రంలో చేరి, తరువాత జంతుశాస్త్రానికి మారి, ఎడిన్‌బరోలో చిట్టెలుకల పిండాలపై పీహెచ్‌డీ చేశారు. మానవ అండాన్ని శరీరం వెలుపల ఫలదీకరించినట్లు 1969లో ప్రకటించారు. అయినా తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టింది 1978 జులైలో. ఈలోగా 1971లో అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఆయనకు నిధులు నిరాకరించింది. నోబెల్ బహుమతి 2010లో గాని రాలేదు. ఆయన బృందంలో పిండాలను ప్రయోగశాలలో కంటికి రెప్పలా చూసుకున్న జీన్ పర్డీ నర్సుగా శిక్షణ పొందినవారు. కాబట్టి నీట్ ర్యాంకు గురించి దిగులు పడకండి. ఏళ్ల తరబడి ఫలితం కనిపించకపోయినా అదే ప్రశ్నను పట్టుకుని ఉండే ఓపిక మీ అమ్మాయికి ఉందా అన్నది మాత్రం చూడండి.

ఇక్కడ రెండు దారులున్నాయి, చాలామంది వాటిని ఒకటే అనుకుంటారు. సంతాన సాఫల్య కేంద్రంలో అండాలను, శుక్రకణాలను, పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టుది ఒక వృత్తి. దానికి పూర్తికాలం ఎమ్మెస్సీ క్లినికల్ ఎంబ్రియాలజీ చదవడం మంచిది, ఉద్యోగం త్వరగా వస్తుంది. సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 నాటి చట్టం (ఏఆర్‌టీ చట్టం) కింద అర్హతలను నిర్దేశించారు కనుక, ఏ కోర్సుకైనా ఫీజు కట్టే ముందు ఆ నిబంధనలను చదవండి. కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సులకు లక్షలు పోసి, తరువాత నా దగ్గరకు వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లిదండ్రులను చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

శాస్త్రవేత్త పని వేరు. వయసు పెరిగేకొద్దీ అండంలో క్రోమోజోముల పంపకం ఎందుకు గాడి తప్పుతుంది, ఆరోగ్యంగా కనిపించే పిండం గర్భాశయంలో ఎందుకు నిలవదు వంటి ప్రశ్నలతో వారు కాలం గడుపుతారు. ఇతర రకాల కణాలుగా మారగల మూలకణాలు ఇక్కడే ఉపయోగపడతాయి. చిట్టెలుక చర్మకణాలను నాలుగు జన్యువుల సాయంతో మూలకణాల వంటి స్థితికి మరలించవచ్చని జపాన్‌కు చెందిన షిన్యా యమనాకా 2006లో చూపారు. అలాంటి కణాల నుంచి చిట్టెలుక అండాలను తయారుచేసి, వాటి ద్వారా పిల్లలను పుట్టించగలిగామని ఆ దేశానికే చెందిన హయాషి, సయితోల బృందం 2012లో ప్రకటించింది. మనుషుల విషయంలో ఆ మెట్టు ఇంకా ఎక్కవలసి ఉంది. మీ అమ్మాయి తరానికి దొరికే పని అదే. అయితే, రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప, మిగతావన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌లోనే జరగాలని మన 2017 జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అన్ని జబ్బులకూ మూలకణాలే మందంటూ ప్రచారం చేసే చోట ఆమె ఉద్యోగంలో చేరకూడదు.

చదువు విషయానికొస్తే, సీయూఈటీ పీజీ, గ్యాట్-బీ, జామ్ అనే ప్రవేశ పరీక్షలలో ఏదో ఒకదాని ద్వారా ఎమ్మెస్సీలో చేరి, ఆ తరువాత సీఎస్ఐఆర్ యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) సాధించాలి. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), బెంగళూరులోని మూలకణ పరిశోధన సంస్థ ఇన్‌స్టెమ్, ముంబయిలోని జాతీయ ప్రత్యుత్పత్తి, శిశు ఆరోగ్య పరిశోధన సంస్థ అనువైనవి. ఈ చివరి సంస్థ శాస్త్రవేత్తలే కేఈఎం ఆసుపత్రి వైద్యులతో కలిసి 1986లో టెస్ట్‌ట్యూబ్ బేబీని సాధించారు. జంతువులపై ఆసక్తి ఉంటే, వన్యప్రాణుల సంతానోత్పత్తిపై పనిచేసే సీసీఎంబీ విభాగం లాకోన్స్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది.

ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి అయిదారేళ్లు, పీహెచ్‌డీ తరువాత చేసే పరిశోధన శిక్షణ అయిన పోస్ట్ డాక్‌కు మరి రెండు నుంచి నాలుగేళ్లు పడతాయి. జేఆర్ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తరువాత రూ.42,000, వీటికి తోడు ఇంటి అద్దె భత్యం వస్తాయి కనుక పీహెచ్‌డీ మీకు భారం కాదు. కానీ సొంత పరిశోధన బృందం ఏర్పడేసరికి ఆమెకు 30 దాటుతాయి. ఈలోగా పెళ్లి మాట వస్తుంది, ఆ మాట దగ్గరే చాలా పీహెచ్‌డీలు ఆగిపోతాయి. దాని గురించి ఇప్పుడే ఆమెతో కూర్చుని మాట్లాడండి.

ముందుగా, సైన్స్ అకాడమీలు ఉమ్మడిగా ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు ఈ ఏడాదే దరఖాస్తు చేయించండి. కణవర్ధనం (ప్రయోగశాలలో కణాలను పెంచే పని) గాని, చిట్టెలుక పిండాలతో పని గాని ఉన్న ప్రయోగశాలనే ఆమె కోరుకోవాలి. రెండు నెలలు ఆ గదిలో గడిపి వచ్చాక ఆమె ఏం చెబుతుందో వినండి.